పాత కారు ఒక పక్కకు ఒరిగితే: కుంగిన మూలే దోషి కాకపోవచ్చు

మీరు రాసిన దాన్ని ముందు నాకు అర్థమైనట్టు చెబుతాను, పొరపాటుంటే సరిదిద్దండి. కారు వయసు 22 ఏళ్లు. ముందు స్ట్రట్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు కాళ్లు), వెనక బీమ్ యాక్సిల్ (రెండు వెనక చక్రాలనూ కలిపే దూలం), నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులు. ముందు ఎడమ మడ్‌గార్డు కుడిదాని కంటే 25 మిల్లీమీటర్లు కిందికి ఉంది. ముందు షాక్ అబ్జార్బర్లు రెండూ కొత్తవి వేయించారు, కారు మాత్రం అలాగే ఒరిగి ఉంది. ఒక మెకానిక్ నాలుగు స్ప్రింగులూ మార్చమన్నారు, ఇంకొకరు ఛాసిస్ వంగిందన్నారు. చివర్లో, ఆరు నెలల కిందట కుడివైపు కింది ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే చెయ్యి) బుష్‌లు, అంటే దాని కీలులోని రబ్బరు గొట్టాలు, మార్పించానని ఒక ముక్క రాశారు. మీరు దాన్ని మాటవరసకు రాసినట్టున్నారు. నా దృష్టి మాత్రం అక్కడే ఆగింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

షాక్ అబ్జార్బర్లు మార్చినా తేడా కనిపించకపోవడంలో వింత లేదు. కారు బరువును మోసేది స్ప్రింగు. ఆ స్ప్రింగు అదే పనిగా ఊగకుండా ఆపడం షాక్ అబ్జార్బర్ పని. కదలిక ఉన్నప్పుడే దానికి బలం వస్తుంది, నిలబడి ఉన్న కారులో దానికి పనే లేదు. గ్యాసు నింపిన రకంలో మాత్రం లోపలి ఒత్తిడి కడ్డీని ఎప్పుడూ బయటికి నెడుతూ ఉంటుంది. 11 మిల్లీమీటర్ల కడ్డీ, 25 బార్ ఒత్తిడి అనుకుంటే ఆ నెట్టుడు సుమారు 24 కిలోల బరువుకు సమానం. రెండు వైపులా ఒకే రకం వేస్తే చెల్లుకు చెల్లు. ఒక వైపు గ్యాసుది, రెండో వైపు మామూలు నూనెది వేస్తే కొద్ది మిల్లీమీటర్ల తేడా రావచ్చు, 25 రాదు. ఒరిగిన కారు రాగానే షాక్ అబ్జార్బర్లు విప్పే అలవాటు మా వృత్తిలో ఎందుకు పాతుకుపోయిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. విప్పడానికి తేలికైన వస్తువు అదే కావడం వల్లనేమో.

కొత్త వస్తువు ఏదీ కొనకండి. ముందు కొలవండి. కొలవడం అంటే టేపు తీసి మడ్‌గార్డు అంచుకు ఆనించడం కాదు.

నేల నుంచి మొదలుపెట్టాలి. కంటికి సమంగా కనిపించే గచ్చు కూడా నీరు పారడానికి ఒక వైపుకు వాలుగా వేసినది కావచ్చు. రసమట్టం వెతుక్కోనక్కర లేదు. కారు నిలిపి కొలవండి, తర్వాత కారును వెనక్కి తిప్పి, చక్రాలు సరిగ్గా అవే గుర్తుల మీదికి వచ్చేలా నిలిపి మళ్లీ కొలవండి. కారు ఎటు తిరిగినా ఎడమవైపే కిందికి ఉంటే తప్పు కారుది. కిందికి ఉన్న పక్క మారిపోతే తప్పు నేలది. రెండూ కలిసి ఉంటే రెండు కొలతల సగటు అసలు సంగతి చెబుతుంది. ఈ ఒక్క పరీక్షతో నవ్వుకుంటూ ఇంటికి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు.

కొలిచే ముందు నాలుగు టైర్లలో గాలి సరిచూడండి, టైర్ల కొలత ఒకటేనా, అరుగుదల దాదాపు సమానమేనా చూడండి. డిక్కీలో ఏళ్ల తరబడి పేరుకున్న సామాను దించండి. కారును పది అడుగులు ముందుకీ వెనక్కీ దొర్లించి, నాలుగు మూలలా చేతులతో నొక్కి ఊపి వదలండి. జాకీ మీద నుంచి దించిన కారు చక్రాలు లోపలికి బిగుసుకుని నిలుస్తాయి, దొర్లితే గాని అసలు ఎత్తుకు రావు. స్టీరింగు నిటారుగా ఉండాలి. చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి హ్యాండ్ బ్రేకు వదిలేయండి, అది పట్టి ఉంటే వెనక సస్పెన్షన్ స్వేచ్ఛగా కూర్చోదు.

ఇక ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి? ఇరవై ఏళ్లు దాటిన కారు మడ్‌గార్డును నేను నమ్మను. ఎప్పుడో ఒక చిన్న ఢీ తగిలి ఉంటుంది, ఎవరో సుత్తితో సరిచేసి పుట్టీ పూసి ఉంటారు. పది మిల్లీమీటర్ల తేడా అక్కడే దాగిపోతుంది. మడ్‌గార్డు కొలత రాసుకోండి, కానీ దానితో పాటు కింది భాగంలో రెండు వైపులా సరిగ్గా ఒకేలా ఉండే గట్టి చోట్లు ఎంచుకోండి: జాకీ పెట్టే అంచులు, సబ్‌ఫ్రేమ్ (బాడీ అడుగున బిగించే ఇనుప చట్రం) బోల్టు తలలు, వెనక బీమ్‌ను బాడీకి పట్టి ఉంచే బ్రాకెట్లు. అక్కడి నుంచి నేలకు ఉన్న దూరం నాలుగు మూలలా తీయండి. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డుకు ఉన్న దూరం కూడా తీస్తే టైరు ప్రమేయం లేని కొలత ఒకటి చేతిలో ఉంటుంది.

ఇప్పుడు చాలామంది పప్పులో కాలేసే చోటికి వద్దాం. ఏ మూల కిందికి ఉంటే ఆ మూల స్ప్రింగు పోయిందనుకుంటారు. బాడీ గట్టి పెట్టె లాంటిది, దాని నాలుగు మూలలూ విడివిడిగా కదలవు. లెక్క సులువు కోసం నాలుగు స్ప్రింగులూ సమానమని, ముందు ఎడమ స్ప్రింగు ఒక్కటే 40 మిల్లీమీటర్లు కుంగిందని అనుకుందాం. ఆ మూల 40 కిందికి రాదు, 30 వస్తుంది. ముందు కుడి, వెనక ఎడమ మూలలు చెరొక 10 కిందికి దిగుతాయి. ఐమూలగా ఎదురున్న వెనక కుడి మూల 10 పైకి లేస్తుంది. కూడికలు మీరే చేసి చూడండి: ముందు ఎడమ కుడుల తేడా 20, వెనక తేడా కూడా 20. స్ప్రింగు పోయింది ముందైనా కారు వెనక భాగం కూడా అంతే ఒరుగుతుంది. వెనక ఎడమ స్ప్రింగు పోయినా ముందు తేడా అదే 20. అందుకే ఎంత ఒరిగిందన్నది చూసి ఏ మూల పోయిందో చెప్పడం కుదరదు. నిజమైన కార్లలో ముందు వెనక స్ప్రింగుల బలం వేరు, ఆంటీ రోల్ బార్ (కారు ఒరగకుండా ఎడమ కుడి చక్రాలను కలిపే కడ్డీ) కూడా ఉంటుంది కాబట్టి అంకెలు మారతాయి, కానీ ముందూ వెనకా ఒకే కోణంలో ఒరగడం అన్నది మారదు.

దీని నుంచి మీకు రెండు విషయాలు దొరుకుతాయి. మొదటిది, మీరు వెనక కొలత రాయలేదు. ముందు తేడా 25 ఉండి వెనక తేడా 5 మాత్రమే ఉంటే అది స్ప్రింగు జబ్బు కాదు. మడ్‌గార్డు మిమ్మల్ని మోసం చేసి ఉండాలి, లేదా బాడీయే మెలితిరిగి ఉండాలి. రెండోది, ఒకే స్ప్రింగు వల్ల ముందు తేడా 25 రావాలంటే పై లెక్క ప్రకారం అది 50 మిల్లీమీటర్లు కుంగి ఉండాలి. వయసు వల్ల కుంగిన స్ప్రింగు అంత దిగదు. విరిగి ఉండాలి, లేదా ఒకటికి మించిన కారణాలు కలిసి ఉండాలి.

కంపెనీ ఇచ్చిన ఎత్తుల పట్టిక మాన్యువల్‌లో ఉంటే పని సగం అయినట్టే. పట్టికతో పోల్చినప్పుడు ఒక మూల బాగా కిందికి ఉండి, దాని ఐమూల కొద్దిగా పైకి ఉంటే దోషి ఆ కింది మూలే. ఎడమవైపు ముందూ వెనకా సమానంగా దిగితే రెండు స్ప్రింగులూ అలసిపోయినట్టు. కుడివైపు పైకి ఉండి ఎడమవైపు పట్టిక ప్రకారమే ఉంటే ఎడమవైపు అసలు తప్పే లేదు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి.

పట్టిక లేకపోతే ముందూ వెనకా విడదీసే పరీక్ష ఒకటి ఉంది. కారు వెనక భాగాన్ని సరిగ్గా నడుమ, బాడీ అడుగున ఉండే బలమైన అడ్డ దూలం దగ్గర, జాకీతో వెనక చక్రాలు వేలాడేదాకా ఎత్తండి. జాకీ తలకూ దూలానికీ మధ్య ఇరుకైన చెక్క ముక్క పెడితే కారు అటూ ఇటూ వాలడానికి వీలుంటుంది. ఇప్పుడు వెనక స్ప్రింగుల మాట చెల్లదు, కారు ఎటు వాలాలో ముందు స్ప్రింగులే నిర్ణయిస్తాయి. ముందు భాగం సమానమైపోతే తప్పు వెనక ఉంది. ఒరుగు అలాగే ఉన్నా, ఇంకా పెరిగినా తప్పు ముందు ఉంది. ముందు భాగాన్ని నడుమ ఎత్తి వెనక నుంచి చూసినా ఇదే తేలుతుంది, కాబట్టి మీ కారుకు ఎటు గట్టి చోటు ఉంటే అటు చేయండి. సన్నటి రేకు మీద జాకీ పెట్టకండి. మీ కారుకున్న లాంటి వెనక బీమ్‌లు చాలావరకు నడుమ జాకీ పెట్టడానికి పనికిరావు, వంగిపోతాయి. ఒక్క జాకీ మీద నిలిచిన కారు కిందికి తల కూడా పెట్టకండి. నేల మీద ఉన్న చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, బయట నుంచే కొలిచి వెంటనే దించేయండి.

తప్పు ముందు ఉందని తేలితే ఆంటీ రోల్ బార్ లింకును (బార్ కొనను సస్పెన్షన్‌కు కలిపే చిన్న కడ్డీని) ఒక వైపు విప్పి కారును దొర్లించి మళ్లీ చూడండి. బార్ వంగినా, రెండు లింకుల పొడవు వేరైనా, ఆ బార్ ఒక పక్కను ఎత్తి రెండో పక్కను నొక్కుతూ ఉంటుంది. లింకు విప్పడానికి పది నిమిషాలు, ఖర్చు లేదు. విప్పాక కారు సమానమైతే మిగతా వెతుకులాట అక్కరలేదు.

తర్వాత స్ప్రింగులు. స్ట్రట్‌లో కాయిల్ స్ప్రింగు సాధారణంగా విరిగేది కింది చివరి చుట్టు దగ్గర. స్ప్రింగు కూర్చునే కప్పులో మట్టీ నీరూ చేరి, రంగు పెచ్చు లేచిన చోట తుప్పు మొదలై అక్కడ చిట్లుతుంది. విరిగిన ముక్క కప్పులోనే దాక్కుంటుంది, నిలబడి చూస్తే స్ప్రింగు నిండుగానే కనిపిస్తుంది. చక్రం విప్పి, కప్పు కడిగి, టార్చి వేసి, తీగ కొన ఎక్కడ ముగిసిందో వేలితో తడిమి చూడండి. అసలు కొన నునుపుగా ఉంటుంది, విరిగిన కొన గరుకుగా వాడిగా ఉంటుంది. రెండు వైపులా చుట్లు లెక్కపెట్టి పోల్చండి. నిలబడి స్టీరింగు తిప్పేటప్పుడు ‘టంగ్’ మని శబ్దం వస్తుంటే అనుమానం బలపడుతుంది. విరిగి ఉంటే కారు కదపకండి, ఆ కొన టైరును కోసేయగలదు.

విరగకపోయినా తప్పు స్ప్రింగు అమరి ఉండవచ్చు. షాక్ అబ్జార్బర్లు మార్చినప్పుడు స్ప్రింగులు విప్పారు కాబట్టి, తీగ కొన కప్పులోని మెట్టుకు ఆనుకుని ఉందా, రబ్బరు ప్యాడు మళ్లీ వేశారా చూడండి. పాత యజమాని ఎప్పుడో ఒక వైపు వేరే మోడలు స్ప్రింగు వేయించి ఉండవచ్చు. పక్కపక్కన నిలబెట్టి ఎత్తు చూస్తే సరిపోదు, తీగ మందం కాలిపర్‌తో కొలవాలి. స్ప్రింగు బలం తీగ మందం నాలుగో ఘాతం ప్రకారం మారుతుంది. మిగతావన్నీ సమానంగా ఉండి ఒకటి 12, ఇంకొకటి 12.5 మిల్లీమీటర్ల తీగ అయితే రెండోది దాదాపు 18 శాతం బలమైనది. కంటికి ఆనని అర మిల్లీమీటరు చేసే పని అది. ఇంకో సంగతి, కొన్ని కార్లకు డ్రైవరు బరువు లెక్కలోకి తీసుకుని ఎడమ కుడి స్ప్రింగులు వేరుగా ఇస్తారు. తీగ మీద ఉండే రంగు గీతలు అందుకే. అవి తారుమారైతే కారు ఒరగక ఏం చేస్తుంది?

ఇక మీ బుష్‌ల దగ్గరికి వస్తాను. పని నేర్చుకునే రోజుల్లో నేనే ఒక కారును ఇలా పాడుచేశాను. ఆర్మ్ బుష్‌లు మార్చి, చక్రాలు గాలిలో వేలాడుతుండగానే బోల్టులు గట్టిగా బిగించి దించాను. కారు ఒక పక్క లేచి నిలబడింది. రెండో పక్క స్ప్రింగు పోయిందనుకుని దాన్ని మార్చాను, తర్వాత జతదీ మార్చాను. మా మేస్త్రీ మూడో రోజు వచ్చి ఒక మాటా అనకుండా రెండు బోల్టులు వదులు చేశారు. కారు ‘ఉస్సు’ మని కూర్చుంది. ఆ శబ్దం ఇప్పటికీ చెవిలో ఉంది.

జరిగేది ఇది. ఇలాంటి బుష్‌లో లోపలి ఇనుప గొట్టానికీ బయటి గొట్టానికీ మధ్య రబ్బరు అతుక్కుని ఉంటుంది. అది తిరగదు, మెలిపడుతుంది అంతే. బోల్టు బిగించిన క్షణంలో ఆర్మ్ ఏ కోణంలో ఉందో రబ్బరుకు అదే విశ్రాంతి స్థానం. చక్రం 90 మిల్లీమీటర్లు కిందికి వేలాడుతుండగా బిగిస్తే, ఆర్మ్ పొడవు 350 అనుకుంటే, కారును దించినప్పుడు రబ్బరు సుమారు 15 డిగ్రీలు మెలిపడి, విప్పుకోవాలని ఆర్మ్‌ను ఎప్పుడూ కిందికి నెడుతూ ఉంటుంది. అంటే అడగని అదనపు స్ప్రింగు ఒకటి కుడివైపు చేరినట్టు. కుడి లేస్తుంది, ఎడమ దిగినట్టు కనిపిస్తుంది. అందరూ దిగిన వైపే వెతుకుతారు. పైగా ఎప్పుడూ మెలిపడి ఉన్న రబ్బరు త్వరగా చిరుగుతుంది.

దీన్ని తేల్చడం తేలిక. కారును గుంత మీదకో, చక్రాలు ఆనే ర్యాంపు మీదకో ఎక్కించాలి, బరువు మొత్తం చక్రాల మీదే ఉండాలి. ఆర్మ్ లోపలి బోల్టులు వదులు చేసి, విప్పేయకుండా, కారును ముందు నుంచి నాలుగైదు సార్లు నొక్కి ఊపి, దొర్లించగలిగితే కొద్దిగా దొర్లించి కొలవండి. తర్వాత అదే స్థితిలో మాన్యువల్ చెప్పిన బిగువుకు బిగించండి. రెండు వైపులా చేయండి. ఒక్క బుష్ వల్ల మొత్తం 25 వస్తుందని నేను అనను, నేను చూసినంతలో పది పదిహేను వరకు వస్తుంది. మిగతాది మడ్‌గార్డు కొలతలోనో, కుంగిన స్ప్రింగులోనో దొరకవచ్చు.

మీ కారుకు వర్తించకపోయినా, ఇదే జబ్బుతో ఉన్న ఇతరుల కోసం మిగతా రకాలు క్లుప్తంగా. కమాను కట్టలున్న (ఇనుప పట్టీలు పేర్చిన స్ప్రింగులున్న) బండిలో ఏదైనా పట్టీ విరిగిందా, పట్టీలను కలిపి పట్టే సెంటర్ బోల్టు తెగిందా, కట్ట కొనను బండికి వేలాడదీసే షాకిల్ తుప్పుతో పట్టేసిందా చూడాలి. సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ ఆ వైపు వెనక్కో ముందుకో జరిగి కూడా కనిపిస్తుంది. టోర్షన్ బార్లున్న (మెలిపడే కడ్డీలే స్ప్రింగులుగా ఉన్న) చాలా బండ్లలో ఎత్తు సరిచేసే బోల్టు ఉంటుంది, కానీ బార్లు ఎడమ కుడి గుర్తులతో వస్తాయి, తయారీలోనే ఒక దిశలో మెలితిప్పినవి కాబట్టి మార్చి వేస్తే ఆగవు. పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ వెనక బార్‌కు లోపలి కొనన 40 పళ్లు, బయటి కొనన 44 పళ్లు. లోపల ఒక పన్ను అటు, బయట ఒక పన్ను ఇటు జరిపితే ఒక డిగ్రీ లోపు తేడాతో ఎత్తు సరిచేయవచ్చు. అలా ఆలోచించినవాళ్లకు నేను మనసులో దండం పెట్టుకుంటాను. 1962లో మోరిస్ 1100తో వచ్చిన హైడ్రోలాస్టిక్ సస్పెన్షన్‌లో ఒక్కో పక్క ముందు వెనక చక్రాలను ద్రవం కలుపుతుంది. అందులో ద్రవం కారిపోతే ఆ పక్క మొత్తం కూర్చుంటుంది, ఇక స్ప్రింగు వెతకడం దండగ. ఛాసిస్ వేరు, బాడీ వేరుగా ఉండే బండ్లలో ఛాసిస్ సమంగా ఉండి బాడీ మాత్రం ఒరిగితే మధ్యలోని రబ్బరు దిమ్మలు నలిగిపోయినట్టు.

తుప్పు గురించి మాత్రం క్లుప్తంగా చెప్పను. స్ట్రట్ పై కొన ఆనే చోటు, వెనక స్ప్రింగు కూర్చునే చోటు, సబ్‌ఫ్రేమ్ బోల్టుల చుట్టూ ఉన్న రేకు, ఈ మూడింటినీ బానెట్ ఎత్తి, కిందికి వంగి స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టి రేకు ఖణేల్‌మంటుంది, పోయిన రేకు మొద్దుగా పలుకుతుంది. రంగు కింద ఉబ్బు, అతుకు దగ్గర పగులు, స్ట్రట్ పై రబ్బరు రెండు వైపులా వేర్వేరు ఎత్తులో ఉండటం కనిపిస్తే కారు నడపడం అక్కడితో ఆపండి. అది స్ప్రింగు కుంగడం కాదు, స్ప్రింగు బాడీని చీల్చుకుని పైకి రావడం. కొత్త స్ప్రింగు వేస్తే ఇంకా బలంగా చీలుస్తుంది.

ఛాసిస్ వంగిందన్న మాటను కొలతలు లేకుండా ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. కింది భాగంలో రెండు వైపులా సమానంగా ఉండే బిందువుల నుంచి దారానికి కట్టిన బరువు గుండు వేలాడదీసి నేల మీద గుర్తులు పెట్టి, కారు తీసేసి, ఐమూల దూరాలు పోల్చమనండి. బాడీ పక్కకు వంగి ఉంటే రెండు ఐమూల దూరాలూ సమానం కావు. అవి సమానంగా ఉన్నా ఎత్తులో మెలి ఉందేమో చెప్పేది ముందు రాసిన ముందు వెనక తేడా.

చివరికి ఎవరైనా ‘కుంగిన వైపు ఒక ప్యాడు వేసేద్దాం’ అంటారు. కారణం తెలిశాక, చిన్న తేడాకు, కంపెనీ ఇచ్చిన ప్యాడు అయితే తప్పు లేదు. కారణం తెలియక వేస్తే కంటికి కారు సమానంగా కనిపిస్తుంది, బరువు మాత్రం ఒక ఐమూల జత చక్రాల మీదికి చేరుతుంది. గట్టిగా బ్రేకు వేసినప్పుడు తేలికైన ముందు చక్రం ముందే జారుతుంది. నా దగ్గరికి వచ్చే కార్లలో 10 మిల్లీమీటర్ల లోపు తేడా ఉంటే, తుప్పూ విరుపూ లేవని చూసుకుని, అలాగే వదిలేయమంటాను. స్ప్రింగులు నిజంగా మార్చాల్సి వస్తే ముందు జతగానో వెనక జతగానో మార్చండి, నాలుగూ అక్కరలేదు.

మీ కారుకు నేనైతే చేసే వరస ఇది: తుప్పు తట్టి చూడటం, విరిగిన కొన కోసం స్ప్రింగు కప్పులు కడగటం, కారు తిప్పి నాలుగు మూలలా కొలవటం, కుడి బుష్ బోల్టులు బరువు మీద వదిలి బిగించటం, మళ్లీ కొలవటం. బోల్టులు వదలక ముందు నాలుగు అంకెలు, వదిలాక నాలుగు అంకెలు ఇక్కడ రాయండి, అవి గట్టి చోట్ల నుంచి తీసినవై ఉండాలి. వాటిని చూసి స్ప్రింగులు కొనాలో వద్దో చెబుతాను.